ఉప్పు తగలని రవికెగుడ్డ

నా చిన్నప్పుడు మా వాడలో సముద్రాన్ని చూసినవాళ్లు లేరు. అయినా అందరూ దానికి మొక్కేవాళ్లు. కార్తీక పున్నమి నాడు బందరులో సముద్రస్నానం చేసి, పసుపు, రవికెగుడ్డ నీళ్లలో వదిలితే గంగమ్మ ఆడబిడ్డల ప్రాణం కాస్తుందని నమ్మకం. ఒక ఏడు మా అమ్మ మంచం పట్టింది. మిర్యాలగూడ దవాఖానకు రెండుసార్లు తీసుకుపోయినా లేవలేదు. మా నాయనమ్మ సముద్రానికి మొక్కింది.

మా అయ్య నేరేడుచర్లలో ఒక రైసు మిల్లులో హమాలీ. మిల్లు యజమాని భార్యను మేమంతా సావుకారమ్మ అనేవాళ్లం. ఆమె పుట్టిల్లు కోదాడ. ఏటా చుట్టాలతో కలిసి మిల్లు లారీలో బందరు పోయేది. ఆ ఏడు తన చంటిబిడ్డను ఎత్తుకోవడానికి నన్ను రమ్మంది. నాకు తొమ్మిదేళ్లు. నాయనమ్మ ఆకుపచ్చ రవికెగుడ్డ ఒకటి కొని, దాని మూలకు ఎర్రదారంతో మూడు కుట్లు వేసి, పసుపుకొమ్ముతో మూటకట్టి నా చేతిలో పెట్టింది.

“నీ చేతులతోనే ఇడువు బిడ్డా. మీ అమ్మ పేరు చెప్పి ఇడువు. ఇంకెవ్వలకియ్యకు.”

బందరులో సముద్రపు ఒడ్డున నన్ను ఇసుకలో కూర్చోబెట్టి, ఒళ్లో చంటిబిడ్డను, చుట్టూ అందరి చెప్పులూ పెట్టారు. నేనూ నీళ్లలోకి వస్తానన్నాను. సావుకారమ్మ ఆడపడుచు నవ్వింది. “ఇంత లేవు, అల వచ్చి ఎత్తుకుపోతే మీ నాయనమ్మకి ఏం చెప్పాలే?” సావుకారమ్మ చెయ్యి చాపింది. “ఇటివ్వు. నా సారెతో పాటు నేనే వదుల్తాలే.”

ఇచ్చేశాను. ఆ గుంపులో ఆమె ఎక్కడ మునిగిందో, ఏం వదిలిందో నాకు కనబడలేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ అడిగింది. “ఇడిసినవా?”

“ఇడిసిన” అన్నాను.

మాఘమాసం రాకముందే అమ్మ పోయింది.

మా వైపు ముత్తైదువ చనిపోతే, వచ్చిన ఆడవాళ్లు పసుపూ కుంకుమా రవికెగుడ్డా తెచ్చి ఆమె మీద కప్పుతారు. సావుకారమ్మ కూడా వచ్చింది. అమ్మ మంచంలో ఉన్నన్నాళ్లూ బత్తాయిలు పంపిన మనిషే. నిజంగానే ఏడుస్తూ ఒక ఆకుపచ్చ గుడ్డ అమ్మ గుండెల మీద పరిచింది. మూలన ఎర్రదారం, మూడు కుట్లు. ఆ గుడ్డ ఎవరిదో ఆమెకు గుర్తే లేదు.

నాయనమ్మ చూసింది. వంగి ఆ మూలను పెదాలకు ఆనించుకుంది. కోడలి మీద ప్రేమ అనుకున్నారు అందరూ. పక్కనే ఉన్న నేను చూశాను, నాలుకతో రుచి చూసింది. ఉప్పు లేదని ఆమె ముఖమే చెప్పింది. అప్పుడు నావైపు చూసింది.

నేను నోరు తెరవబోయాను. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అంది. “ఊకో. రేపు మీ అయ్య గా మిల్లుకే పోవాలె.” కుట్లున్న మూలను లోపలికి మడిచి, గుడ్డను అమ్మ మీద సరిచేసింది. నా అబద్ధం గురించి చనిపోయేదాకా ఒక్క మాట అడగలేదు. అడిగి, రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

గుడ్డ సముద్రంలో పడితే అమ్మ బతికేదని ఇప్పుడు అనుకోను. కానీ అలా అనుకుంటూనే పెరిగాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను.

అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఈ వయసులో ఎందుకమ్మా అని ఇంట్లో నవ్వారు. మొన్న మండలాఫీసులో పింఛను కాగితం నింపుతుంటే ఒకాయన చెయ్యి చాపాడు. “జర ఇటియ్యి పెద్దమ్మా, నేన్ రాస్త. నీకెందుకు పరేషాన్?” మంచివాడే కావచ్చు. సావుకారమ్మ కూడా చెడ్డది కాదు. కాగితాన్ని నా వైపు లాక్కుని, వంకర అక్షరాలతో తల్లి పేరు అని ఉన్న చోట మా అమ్మ పేరు నేనే రాశాను. అంతసేపూ నా నాలుక మీద ఉప్పు లేని ఆ గుడ్డే ఉంది.