దొడ్డిదారి అత్తయ్య

దొడ్డిదారి అత్తయ్యది ఒకటే జబ్బు. ఏ కట్టడంలోకీ ముందు గుమ్మం గుండా అడుగు పెట్టదు. ఇల్లు, బ్యాంకు, సినిమా హాలు, ఆసుపత్రి, ఏదైనా సరే, ముందు దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, వెనక దారి కనిపెట్టి, అప్పుడు లోపలికి వెళ్తుంది. దారి దొరక్కపోతే పని మానుకుని ఇంటికి వచ్చేస్తుంది. ఆ పేరు పెట్టింది సొంత అన్నయ్యే. నలుగురిలో ఆ పిలుపు బాగుండదని ఎవరైనా అంటే, "చేసే పని మాత్రం బాగుందా?" అనేవాడు గుమస్తా అన్నయ్య. ఆవిడేమో ఆ పేరు విని మురిసిపోయేది.

ఓ పెళ్ళికి వెళ్ళి వంటశాల వైపు నుంచి దూరితే, వంటమేస్త్రీ ఆవిడ చేతిలో గరిట పెట్టి "ఆలస్యమైంది, నడు" అన్నాడట. రెండు బంతులు వడ్డించాక గానీ పెళ్ళికూతురి తల్లి గుర్తుపట్టలేదు. "అయ్యో వదినా, మీరేంటి ఇక్కడ?" అంటే, "కూరలో ఉప్పు తక్కువైంది, ముందు అది చూడు" అంది. బ్యాంకు వెనక తలుపు తోసినప్పుడైతే సైరన్ మోగి వీధి వీధంతా బయటికి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ వచ్చేవేళకి గార్డే ఎదురెళ్ళి వెనక తలుపు తీసేవాడు, ఊరికి మళ్ళీ గుండెపోటు తెప్పించడం ఎందుకని.

చీర కొంటే ముందు తిరగేసి చూస్తుంది. పేపరు చివరి పేజీ నుంచి చదువుతుంది. తన ఇంటి ముందు తలుపు ఎన్నేళ్ళుగానో తీయక చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. దొంగలు కూడా ప్రయత్నించి విసుగెత్తి వెళ్ళిపోయారని చెప్పుకుంటారు.

ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. డాక్టర్లే ఆవిడ ముందు గొంతు తగ్గించేవారట. అలాంటి మనిషి ఇలా గోడల వెంట పిల్లిలా తిరగడం మేనకోడలికి చిన్నప్పటి నుంచీ వింతే. వింతకన్నా ఎక్కువ, ఆశ్చర్యం. నలుగురూ నవ్వుతారని తెలిసి కూడా ఒక మనిషి తనకు తోచినట్టు నడవగలదా? మేనకోడలికి అంత ధైర్యం లేదు. నాన్న, అంటే ఆ గుమస్తా అన్నయ్య, ఎదుట నిలబడితే వాక్యం సగంలోనే ఆగిపోయేది.

ఆ సగం వాక్యాలకి ఇప్పుడు గడువు వచ్చింది. మేనకోడలికి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది, సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చాలి. ఒకటి పెద్ద కాలేజీ. దాని పేరు చెబితే ఎదుటివాడు లేచి కుర్చీ ఇస్తాడు. రెండోది చిన్న కాలేజీ. దాని పేరు చెబితే ఎదుటివాడు "ఎక్కడ?" అంటాడు. పెద్ద కాలేజీలో కంప్యూటర్ చదువు. చిన్నదాంట్లో రోగులకూ, నడవలేనివాళ్ళకూ కావలసిన పరికరాలు తయారుచేసే చదువు. మేనకోడలేమో కనిపించిన ప్రతి వస్తువునీ విప్పి, ఆలోచించి, మెల్లగా మళ్ళీ బిగించే రకం. ఆ మెల్లగా అన్నదే నాన్నకి మింగుడుపడేది కాదు.

"నాన్నా, నాకు ఆ రెండోది..."

"ఆ పేరు నా నోటితో పలకను. మంగలికి కూడా పెద్ద కాలేజీ అని చెప్పేశాను. ఇప్పుడు వెళ్ళి మాట మార్చమంటావా?"

పిల్లల భవిష్యత్తు ఇలాగే తేలుతుంది చాలా ఇళ్ళలో. చదివేది ఒకరు, చెప్పుకునేది ఇంకొకరు. చెప్పుకునేవాళ్ళకి నోరు నొప్పి పుట్టదు, చదివేవాళ్ళకి నిద్ర పట్టదు.

పెద్ద కాలేజీ చూడ్డానికి ముగ్గురూ బయల్దేరారు. గుమస్తా ఇస్త్రీ చొక్కాతో ఎత్తయిన ముఖద్వారం కింద నిలబడి ఫోటో తీయించుకున్నాడు. మెట్లన్నీ పాలరాయి, గోడల నిండా ర్యాంకులు తెచ్చినవాళ్ళ మొహాలు. చూస్తే ఎవరికైనా ఇక్కడే చేరాలనిపిస్తుంది. మేనకోడలికీ అనిపించింది. అంతలో అత్తయ్య చెయ్యి పట్టుకుని గోడ వెంట లాక్కుపోయింది.

వెనక గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "చూడ్డానికొచ్చేవాళ్ళు ముందు నుంచి రావాలమ్మా."

"ముందు నుంచి మా అన్నయ్య వస్తున్నాడు నాయనా. అందరం అటే వస్తే గేటు అరిగిపోదూ?"

వాచ్‌మన్ ఆలోచనలో పడ్డాడు. అతను తేరుకునేలోపు వీళ్ళు లోపలున్నారు.

వెనక పాలరాయి లేదు. అంట్లు తోమే ఆడవాళ్ళు తడినేల మీదే గొంతుక్కూర్చున్నారు, వాళ్ళకో బల్ల వెయ్యాలని అంత పెద్ద కాలేజీలో ఎవరికీ తోచలేదు. అత్తయ్య వాళ్ళ పక్కనే కూర్చుని కబుర్లేసుకుంది. వర్క్‌షాపు గదికి తాళం, తాళానికి తుప్పు. హాస్టల్ వెనక మెట్ల మీద ఒక అమ్మాయి పుస్తకం చూస్తూ అన్నం తింటోంది.

"ఇక్కడ ఎలా ఉంటుందక్కా?" అంది మేనకోడలు.

"పేరు బాగుంటుంది."

"పేరు సంగతి కాదు."

"మిగతా సంగతి ఇప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు" అంది ఆ అమ్మాయి, ముద్ద మింగి.

కాస్త దూరంలో చెట్టు కింద ఒకడు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. అత్తయ్య వాణ్నీ వదల్లేదు. "నీకెలా ఉంది బాబూ?"

"స్వర్గంలా ఉందండీ. రోజంతా లెక్కలే. అన్నం కూడా గుర్తురాదు."

అత్తయ్య తలూపింది. "చూశావా, వాడికి అతికినట్టు సరిపోయింది. కాలేజీని తిట్టి లాభం లేదు. చెప్పులు మంచివే, పాదం ఎవరిదన్నదే గొడవ."

మర్నాడు చిన్న కాలేజీకి నాన్న రానన్నాడు. అత్తా మేనకోడలే వెళ్ళారు. దాని బోర్డు ఒకవైపు ఒరిగి, వచ్చేవాళ్ళకి తల వంచి నమస్కారం పెడుతున్నట్టుంది. వెనకాల విరిగిన చక్రాల కుర్చీలు, చేతికర్రలు గుట్టగా పడున్నాయి. ఒక కుర్చీ కింద నలుగురు విద్యార్థులు, ఒక లెక్చరరు బోర్లా పడుకుని పోట్లాడుకుంటున్నారు.

"సార్, మీరు చెప్పినట్టు బిగిస్తే చక్రం తిరగదు."

"తిరుగుతుందయ్యా."

"తిప్పండి మరి."

లెక్చరరు తిప్పాడు. తిరగలేదు. ఆయన బుర్ర గోక్కుని, "సరే, నువ్వు చెప్పు" అన్నాడు.

మేనకోడలు అక్కడే కూలబడింది. ఎప్పుడు స్పానర్ అందుకుందో తనకే తెలీదు. మెల్లగా విప్పింది. మెల్లగా బిగించింది. ఎవరూ తొందరపెట్టలేదు. చక్రం సగం తిరిగి ఆగింది. అందరూ నవ్వారు, ఆ పిల్లా నవ్వింది.

అత్తయ్య మాత్రం కళ్ళు మూసుకోలేదు. "కప్పు కారుతోందేం?" అంది.

"ఏటా కారుతుందండీ" అన్నాడు లెక్చరరు.

"చదివాక ఉద్యోగాలో?"

"కొందరికి వెంటనే వస్తాయి. కొందరు వెతుక్కుంటారు. అబద్ధం చెప్పను."

"విన్నావుగా" అంది అత్తయ్య మేనకోడలితో. "కారే కప్పు కూడా చూసుకునే ఒప్పుకోవాలి."

"చూశానత్తా. ఇక్కడే."

ఇంటికొచ్చేసరికి వరండా నిండా ఇరుగుపొరుగు, మధ్యలో నాన్న. పెద్ద కాలేజీ ముఖద్వారం ఎత్తు చేతులతో చూపిస్తున్నాడు. అత్తయ్య అలవాటుగా పెరటివైపు తిప్పింది. ఇద్దరూ వంటింట్లోకి చేరారు. వచ్చినవాళ్ళకి టీ పెడదామని నాన్న లోపలికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. పొయ్యి పక్కన, చెప్పులు చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డ కూతురు.

"ఇలా వచ్చారేం?"

"ముందు జనం ఉన్నారుగా" అంది అత్తయ్య, టీకి పాలు పొయ్యి మీద పెడుతూ.

ఆయన కూతురి చేతిలోని చెప్పులు చూశాడు. "ఆ రోజూ జనమే" అన్నాడు.

"ఏ రోజు నాన్నా?"

"నేనూ పెద్ద కాలేజీలోనే చేరానే. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఉండలేకపోయాను. పెట్టె పట్టుకుని వచ్చేస్తే వరండాలో ఇంతమంది. ఈ తలుపు తీసి నన్ను లోపలికి లాగింది మీ అత్తే. సరిగ్గా నువ్వున్నచోటే నిలబడ్డాను, చెప్పులు చేత్తో పట్టుకుని. తర్వాత కొన్ని నెలలు ఇటే వచ్చాను, ఇటే పోయాను. ఆ రోజుల్లోనే దీనికి ఈ పిచ్చి మొదలై..."

వాక్యం సగంలో ఆగింది. సగంలో ఆగడం ఆ ఇంట్లో ఎవరి నుంచి వచ్చిందో మేనకోడలికి అప్పుడు తెలిసింది. నాన్న చెల్లెలి వైపు తిరిగాడు.

"అంతకుముందు నువ్వు ముందు గుమ్మంలోంచే గెంతుకుంటూ వచ్చేదానివి కదే?"

"పాలు పొంగుతున్నాయి, చూడు."

"మాట తప్పించకు. నా కోసమా?"

అత్తయ్య పొయ్యి ఆర్పింది. "వీధంతా నా పిచ్చి గురించి చెప్పుకుంటూ నీ పెట్టె సంగతి మర్చిపోయింది కదా. తర్వాత మానేద్దామనుకున్నాను. అలవాటైపోయింది. పైగా వెనకే కబుర్లు బాగుంటాయి."

మేనకోడలు చెప్పులు కింద పెట్టింది. ఒక మనిషి, ఒక ఊరి నవ్వునంతా ఇన్నేళ్ళుగా తన వైపు తిప్పుకుని మోసింది, అదీ వంటింట్లో పాలు చూసుకున్నంత తేలిగ్గా. ఏ గోడ మీదా ఆవిడ మొహం లేదు, ఏ ర్యాంకూ లేదు.

"నాన్నా, నాకు చిన్న కాలేజీయే కావాలి" అంది. వాక్యం చివరిదాకా వచ్చింది.

నాన్న టీ కప్పులు పళ్ళెంలో పెట్టుకున్నాడు. "మంగలికి నువ్వే చెప్పుకో" అని వరండాలోకి వెళ్ళాడు. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది: "చక్రాల కుర్చీలు చేస్తారండీ అక్కడ. చూడ్డానికి చిన్నదే. ఎక్కడంటే..."

చేరే రోజున గుమస్తా పెట్టె మోస్తూ ముందు నడిచాడు. ఒరిగిన బోర్డు దగ్గర వాచ్‌మన్‌ని ఆపి, "వెనక గేటు ఎటు?" అన్నాడు.

"ముందుది తీసే ఉంది కదండీ."

"తెలుసయ్యా. మాకు ఇంట్లో పద్ధతి."

ముళ్ళపొదలు దాటి, చొక్కా చింపుకుని, విరిగిన కుర్చీల గుట్ట మీదుగా ఆయన లోపలికి చేరేసరికి చెల్లెలూ కూతురూ అక్కడ లేరు. వెతగ్గా వెతగ్గా ఆఫీసు మెట్ల మీద కనిపించారు. అత్తయ్య కొత్త చీరలో, ముందు గేటుకి ఎదురుగా, మహారాణిలా కూర్చుని ఉంది.

"అటు నుంచి వచ్చావా నువ్వు?" అన్నాడు ఆయన నమ్మలేక.

"దర్జాగా. పిల్ల ఇష్టపడి చేరుతోందిగా, దాక్కోవలసిన పనేముంది?" ఆవిడ అన్నయ్య చొక్కాకి అంటుకున్న ముళ్ళు ఒక్కొక్కటే ఏరుతూ, "ఈ వయసులో నీకెందుకన్నయ్యా దొడ్డిదారులు?" అంది.