కండ్లున్న విమానాలు

నిర్మల్‌లో బొమ్మలు చేసే ఇళ్లకు కరువు లేదు. సీతాఫలాలు, జింకలు, చిలుకలు ఏ గడపలో అడిగినా దొరుకుతాయి. యుద్ధ విమానాలు మాత్రం మా గల్లీలో పర్శరాములు ఇంట్లోనే ఉంటాయి. అవి అమ్మకానికి కావు. ముందుగది గోడ పొడుగునా బిగించిన బల్లమీద వరసగా నిలబెట్టుకున్నాడు. సాయంత్రం పని దిగాక వాటి ఎదురుగా కూర్చుని బీడీ ముట్టిస్తాడు. ఆ కాసేపు నిజాము వచ్చి పిలిచినా లేచేవాడు కాదేమో.

ఈ పిచ్చి అతనికి పోలీసు చర్య జరిగిన ఏడాది పట్టుకుంది. ఊరి మీదుగా ఒక విమానం కిందుగా పోయిందట. జనమంతా ఇళ్లలోకి ఉరికితే వీడు కప్పు మీదికి ఉరికాడు. పెంకులు పగిలాయి, వాళ్ల బాపు వీపు పగలగొట్టాడు. మర్నాడే పొనికి కర్రతో మొదటి విమానం చెక్కాడు. మొన్న పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చాక పిచ్చి ముదిరింది. హోటల్లో పాత పేపర్లు అడుక్కొచ్చి, ఫోటోలు చూసి నాట్, హంటర్, కాన్‌బెర్రా రకాల విమానాలన్నీ చేశాడు. చెక్కడం, చింతగింజల పిండి పూసి నునుపు చేయడం అతని పని. రంగులు భార్య కమలవ్వవి. వాళ్లింట్లో ఏ బొమ్మకైనా అంతే.

పేచీ బల్ల గురించి. విమానాలు రాకముందు దాని మీద కమలవ్వ ఇత్తడి చెంబులు, బిందెలు, తపేలాలు తళతళలాడుతూ ఉండేవి. ఇప్పుడవి మంచం కింద గోనెసంచిలో పడున్నాయి.

“ఇంటికచ్చినోళ్లు నా సామాను జూడాల్నా, నీ గాలిమోటర్లు జూడాల్నా?” అనేది కమలవ్వ.

“గాలిమోటర్లే జూస్తున్రు గద!”

“నవ్విపోతున్రు.”

ఆమె తమ్ముడు రాజం వైమానిక దళంలో విమానాలు మరమ్మతు చేస్తాడు. సెలవు మీద వస్తున్నాడని తెలియగానే కమలవ్వ పందెం పెట్టింది.

“మా తమ్ముడు దినాం గవ్విటి నడుమనే ఉంటడు. సక్కగున్నయంటే బల్ల నీది. తప్పంటే అన్నీ అటకెక్కాలె.”

“గట్లనే తియ్” అన్నాడు పర్శరాములు. అనేశాడు గానీ ఆ వారమంతా చిలుకలు పక్కన పడేసి, పాత పేపర్లు ముందేసుకుని తోకలు, రెక్కలు సరిచూస్తూనే ఉన్నాడు.

రాజం వచ్చాడు. చాయ్ చల్లారుతున్నా పట్టించుకోకుండా ఒక్కో విమానం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. నేను గడపలో నిలబడ్డాను. పర్శరాములు చేతిలో బీడీ ఆరిపోయింది.

“రెక్కలు గిట్లనే ఉంటయ్ బావా. తోక గూడ మంచిగ కుదిరింది” అని, నాట్‌ను ముక్కువైపు తిప్పుకుని ఆగిపోయాడు. “గిదేంది? కండ్లా?”

అన్నింటికీ ఉన్నాయి. తీరైన రెప్పలతో, నల్లగుడ్డులో తెల్లచుక్కతో. రోజూ చూస్తున్న నాకూ ఎన్నడూ తోచలేదు. చెక్కినవాడికీ తోచలేదు. మా దగ్గర బొమ్మకు చివర కండ్లు పెడతారు. అవి పెట్టందే బొమ్మ పూర్తయినట్టు కాదు. ఫోటోలో కండ్లు లేవన్న సంగతి ఎవడు చూస్తాడు?

“అక్కా, గాలిమోటర్‌కు కండ్లెందుకే?”

“మరి గుడ్డిగ పోతదార?”

“నడిపేటోనికి ఉంటయ్ గద!”

“నీ ఎడ్లబండికి మనిషున్నడని ఎడ్ల కండ్లు పీకుతవా?”

రాజం పగలబడి నవ్వాడు. “బావా, గా కండ్లు గీకెయ్. మిగిలిందంత అసలు లెక్కనే ఉన్నది.”

పర్శరాములు చాకు తీసుకున్నాడు. నాట్‌ను ఒళ్లో పెట్టుకుని కంటి అంచున మొన ఆనించాడు. కమలవ్వ వాకిలివైపు తిరిగి నిలబడింది. అతను ఆమె వీపు చూశాడు, బొమ్మ కండ్లు చూశాడు, చాకు మడిచేశాడు.

“నేను గీకను. తప్పంటే తప్పే.”

గంప తెచ్చి ఒక్కో విమానం అందులో పెట్టసాగాడు. కమలవ్వ తిరిగి చూసింది.

“యాడికి?”

“అటక మీదికి. పందెమంటే పందెమే.”

“అటక మీద ఎలుకలున్నయ్. కొరికి నాశనం జేస్తయ్.”

“మరేం జెయ్యుమంటవ్?”

“జర పక్కకు జరుగు.”

మంచం కింది గోనెసంచి లాగింది. బిందెలు, చెంబులు, తపేలాలు బల్లమీద బోర్లించి, ఒక్కో దాని మీద ఒక్కో విమానం నిలబెట్టింది. ఉత్త బల్లమీద చక్రాలు సరిగ్గా ఆనక అవి ముక్కులు వంచుకుని కూర్చునేవి. ఇత్తడి అడుగు మీద పొట్ట ఆని, ముక్కులు పైకెత్తాయి.

“గిది ఏ ఊరి విమానాల అడ్డా అక్కా?” అన్నాడు రాజం.

“నోర్మూసుకొని చాయ్ తాగు.”

ఇప్పుడు ఆ ఇంట్లో చుట్టాలొచ్చి బిందె కావాలంటే ముందు కాన్‌బెర్రా దిగాలి. దాన్ని పర్శరాములే దించుతాడు, ఎవర్నీ ముట్టనివ్వడు. ఈ మధ్య డకోటా మొదలుపెట్టాడు, రెక్కలు మూరెడు వచ్చాయి. దాని పొట్టకు సరిపోయే గంగాళం కొనమని కమలవ్వ వెంటపడుతోంది.