తాగని మనిషి

పోయిన నెల ఒక ఉదయం మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ బాబాయికి ఇగ ఏ తక్లీఫ్ లేదు బిడ్డా" అంది.  మింగే శక్తి పోయి, తాగించిన జావ ఊపిరితిత్తుల్లోకి దిగి, న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్న మనిషి. పోయాడన్న కబురు వస్తుందని తెలుసు. అయినా ఫోన్ పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

మౌలాలిలో వాళ్ల వీధిలో సగం మందికి ఆయన తాగుబోతు డ్రిల్లు సారు. మా బాబాయి జన్మలో కల్లు కూడా ముట్టలేదు. ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆయన డ్రిల్లు మాస్టారు. ఆదివారం సాయంత్రాలు గడప మీద కూర్చుని తెల్ల బూట్లకు సున్నం పూసుకునేవాడు. మేము వంగి కూర్చుని అన్నం తింటుంటే వెనక నుంచి వచ్చి వీపు మీద రెండు వేళ్లతో తట్టేవాడు. "వీపు జెర లేపు. వీపు లేస్తే ధైర్యం సుత లేస్తది" అనేవాడు. ఆయన నడిచి వస్తుంటే చూడాలనిపించేది.

నలభై దాటాక ఆ నడకే చెడింది. ముందు వేళ్లు వాటంతటవే ఆడేవి. తర్వాత భుజం ఎగిరిపడేది, కాలు పక్కకు పోయేది. చేతులు జేబుల్లో పెట్టుకుని దాచుకున్నాడు. ఒక జెండా పండుగ రోజు పిల్లల వరస ముందు తూలి పడ్డాడు. ప్రిన్సిపాల్ ఆయన్ని స్టాఫ్ రూముకు పిలిపించి, తోటి టీచర్ల ఎదుట నోరు తెరవమని వాసన చూశాడు.

"వాసన రాలేదు గద సార్, అన్న నేను. వాసన రానిది గూడ దొరుకుతది, అన్నడు" అని బాబాయి నాతో చెప్పాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానిపించారు.

ఎందరో డాక్టర్లను తిరిగాక బేగంపేట వైపు ఒక పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి హంటింగ్టన్ జబ్బు అన్నారు. మెదడును కొద్దికొద్దిగా తినేసే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చేందుకు సగం అవకాశం. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉండేదా అని అక్కడి డాక్టరమ్మ అంతకుముందే అడిగితే, బాబాయి వాళ్ల అన్న ఎవరికీ లేదన్నాడు. పరీక్ష బయటపడ్డాక ఆసుపత్రి వరండాలో గొంతు తగ్గించి, "నాయనకు సుత గిట్లనే ఉండె. గాలి సోకిందని జెప్పినం. పెండ్లిళ్లు గావాలె గదా" అన్నాడు.

వాళ్ల నాయన ఊళ్లో పోయినప్పుడు బాబాయి చిన్నవాడు, పట్నంలో హాస్టల్లో ఉన్నాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చిన్నమ్మ బావగారి ముఖంలోకి సూటిగా చూడటం ఆ రోజే మొదటిసారి. "మాకు బిడ్డ పుట్టకముందు ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం బోయేది?" అంది.  

మందులు పనిచేయలేదు. కుర్చీలో కూర్చోబెడితే ఒళ్లే ఆయన్ని కిందికి విసిరేసేది. నేల మీద పరుపు వేసి, గోడలకు బొంతలు కట్టారు. నిద్రలో తప్ప ఒళ్లు ఆగక మనిషి ఎండిపోయాడు. అప్పుడు డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తింది. మెదడు లోపలికి సన్నటి తీగలు దింపి, ఛాతీలో చర్మం కింద బ్యాటరీ పెట్టి, కొద్దిగా కరెంటు పంపుతారట. "ఈ జబ్బుకు ఇది మామూలుగా చేసేది కాదమ్మా. చేతులు కాళ్ల ఆట తగ్గొచ్చు. జబ్బు తగ్గదు. మాట, మతి, మింగటం మన చేతుల్లో ఉండవు" అని రెండుసార్లు చెప్పింది. బంధువులకు మాత్రం ఆట తగ్గొచ్చు అన్నదొక్కటే వినపడింది.

తీగలు పెట్టి, తల మీద కుట్లు మానాక, కరెంటు కొంచెం కొంచెంగా సరిచేశారు. ఒక మధ్యాహ్నం మేం వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు. చేతులు అప్పుడప్పుడు అదిరినా ముద్ద నోటికి చేరుతోంది. చిన్నమ్మ వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ వారమే ఆయన తెల్ల బూట్లు వేసుకుని బడికి పోదామన్నాడు. నేనూ చిన్నమ్మా వెంట వెళ్లాం. గేటు నుంచి ప్రిన్సిపాల్ గది దాకా నిటారుగా నడిచాడు. పాత వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు. బాబాయి గదిలోకి వెళ్లి, టేబుల్ ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాడు.

"నేను తాగలే సార్. అప్పుడు సుత తాగలే."

కానీ నాలుక తిరగలేదు. మాట ముద్దముద్దగా, అక్షరాలు ఒకదానిలో ఒకటి పడిపోయి వచ్చింది. ప్రిన్సిపాల్ ఆయన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగి, "పగటిపూట గూడ షురూ జేసిండా?" అన్నాడు.

చిన్నమ్మ జబ్బు పేరు చెప్పింది, తల మీది మచ్చలు చూపించింది. ఆయన అయ్యో అన్నాడు, కూర్చోమన్నాడు. బాబాయి కూర్చోలేదు.  ఆ తెల్ల బూట్లు మళ్లీ వేసుకోలేదు.

కరెంటు పెంచితే చేతులు ఆగేవి, మాట ముద్దయ్యేది. తగ్గిస్తే మాట కాస్త తేలేది, చేతులు ఎగిరేవి. ఏది కావాలని డాక్టరమ్మ అడిగితే, "చేతులే ఉండనియ్యి. మాట ఎవరు నమ్మిండ్రు గనక" అన్నాడు. దాదాపు రెండేళ్లు తన అన్నం తను తిన్నాడు. తర్వాత కోపం వచ్చింది, మరుపు వచ్చింది, మింగటం పోయింది. చూడవచ్చినవాళ్లు "గింత జేసి ఏం ఫాయిదా" అని ఆయన వింటుండగానే అన్నారు. ఆ అన్నమే ఫాయిదా. డాక్టరమ్మ ఇస్తానన్నది ఇచ్చింది. నాకు ఆమె మీద కోపం లేదు. కోపం ఉన్నది నిజం తెలిసీ నోరు మూసుకున్నవాళ్ల మీద, ఏమీ తెలియకుండా నోరు తెరిచినవాళ్ల మీద.

ఆయన పోయాక, చితి మంటల్లో పేలుతుందని ఆసుపత్రిలోనే ఛాతీలోంచి బ్యాటరీ తీసేశారు. "ఇంకెవరికన్న పనికొస్తదా?" అని చిన్నమ్మ అడిగింది. రాదన్నారు. బన్సీలాల్‌పేట శ్మశానంలో అందరికంటే గట్టిగా ఏడ్చింది బాబాయి అన్నే.

దినాల రోజు భోజనాలయ్యాక ఆయనే బాబాయి కూతుర్ని పక్కకు పిలిచాడు. ఆమె నాకు చెల్లెలు, ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరింది. "నువ్వు ఆ టెస్టు గిట చేయించుకోకు బిడ్డా. బయట తెలిస్తే మన ఇంటికి మంచిగుండదు" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి అందరికీ చాయ్ తెచ్చింది. కెటిల్ వంచి కప్పుల్లో పోస్తుంటే గదిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ తన వేళ్లనే చూస్తున్నారని తల ఎత్తకుండానే ఆమెకు అర్థమైంది. కెటిల్ కింద పెట్టింది. రెండు చేతులూ చాపి, వేళ్లు విడదీసి, మా అందరి ముందు పట్టుకుంది.

"చూడుండ్రి. మంచిగ చూడుండ్రి" అంది.

ఎవరూ చూడలేదు. ఆమె చేతులు దించలేదు.