అక్క పాటలూ, పన్నెండు మెగాబిట్లూ

మొన్న మా ఇంటికి కొత్త ఇంటర్నెట్ తీగ లాగడానికి వచ్చినతను గోడకి పెట్టె బిగించి, "ఇంక సెకనుకి వంద ఎంబీ వచ్చేస్తుందండి, సినిమా ఇలా నొక్కితే అలా దిగిపోద్ది" అన్నాడు. "వంద ఏంటి బాబూ? బిట్లా, బైట్లా?" అని అడిగాను. "ఏదైతే ఏంటండి, రెండూ ఒకటే కదండీ" అన్నాడు నవ్వుతూ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎనిమిది రెట్లు తేడా ఉంటే ఒకటే ఎలా అవుతుందయ్యా?" అని నేనరిచిన అరుపుకి అతని చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది. తర్వాత కాఫీ ఇచ్చి పంపాను లెండి. ఆ తిట్లు నిజానికి రెండేళ్ల క్రితం ఇంకో మనిషి తినాల్సినవి.

రాజమండ్రిలో మా బంధువర్గంలో ఏ పెళ్ళి జరిగినా అప్పగింతల పాట మా అక్కే పాడాలి. అక్క ఎత్తుకుంటే పెళ్ళికొడుకు వైపు వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. తిట్టడంలోనూ అంతే దిట్ట. పూతరేకుల్లో నెయ్యి తగ్గిందని ఆత్రేయపురం వియ్యపురాలిని విడిదింట్లోనే నిలదీసిన మనిషి. బావగారిది నూనెల వ్యాపారం. కొట్లో పాతబడిపోయిన కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చి పడేస్తే, అక్క దానికి ఒక మైకు తగిలించుకుని, ముసలమ్మల దగ్గర నేర్చుకున్న పెళ్ళిపాటలన్నీ ఒక్కొక్కటే అందులో పాడి పెట్టుకుంది. "వీటిని ఇంకోచోట కూడా దాచాలండీ" అని ఆమె ఎన్నిసార్లన్నా, బావగారు "చూద్దాంలే" అనేవారు. ఆ తర్వాత అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది కానీ గొంతు పోయింది. ఇప్పుడు అక్క ఏం చెప్పాలన్నా ఫోన్‌లో టైపు చేసి చూపిస్తుంది. ఆమె గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ పాత పెట్టెలోనే.

ఒకరోజు సాయంత్రం అక్క పాటలు వింటూ ఉండగా ఆ పెట్టె టకటకమని చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున్నే బావగారు మెయిన్ రోడ్డులో కంప్యూటర్ల సర్వీసు నడిపే మహానుభావుణ్ణి పిలిపించారు. ఆయన చెవి పెట్టి విని, "హార్డ్ డిస్క్ అయిపోయిందండి. ఒకసారి ఆగితే మళ్ళీ తిరగదు. తిరుగుతుండగానే కాపీ చేసేసుకోవాలి" అన్నాడు. వర్జ్యం వెళ్ళేదాకా బావగారు మౌస్ ముట్టుకోనివ్వలేదు. అది వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. లైన్ల మరమ్మతు కోసం పదింటికి కరెంటు తీసేస్తామని పేపర్లో వేశారు. "గంటన్నరలో అవుతుందాండీ?" అని నేనడిగాను. "డిస్క్ నిండా ఉన్నది నలభై గిగాబైట్లు. నేను తెచ్చిన డిస్క్‌లోకి ఎక్కించే ఈ యూఎస్‌బీ తీగ వేగం సెకనుకి పన్నెండు. గంట కూడా పట్టదండి" అన్నాడు. బావగారు వేళ్ల మీద ఆ భాగహారం మళ్ళీ చేసి, "కరెక్టేనండి, సరిపోద్ది" అన్నారు.

భాగహారం కరెక్టే. కొలతే తప్పు. పన్నెండు అన్నది మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే గానీ ఒక బైటు కాదు. అంటే ఆ పాత యూఎస్‌బీలో సెకనుకి వెళ్ళేది ఒకటిన్నర మెగాబైట్లు. పట్టేది ఏడున్నర గంటలు, అదీ ఎక్కడా తడబడకపోతే! ఇది నేను తర్వాత కసికొద్దీ కూర్చుని నేర్చుకున్నాను. ఆ కాలపు యంత్రాల్లో మోడెమ్ వేగం కిలోబిట్లలో, ప్రింటర్ తీగ వేగం కిలోబైట్లలో, డిస్క్ తీగది మెగాబైట్లలో, పక్కనే ఉన్న యూఎస్‌బీది మళ్ళీ మెగాబిట్లలో! ఒకే పెట్టెకి ఇన్ని కొలతలు పెట్టిన వాళ్ళని ఏమనాలి? లీటరు నూనె కిలో తూగదని పుట్టుకతో తెలిసిన వ్యాపారి మా బావగారు. కిలో అడిగిన మనిషికి లీటరు ప్యాకెట్టు ఇచ్చాడని గుమాస్తాని కొట్టు మధ్యలో నిలబెట్టి కడిగేసినాయన. అంతటాయన కూడా "పన్నెండు ఏంటండి?" అని ఒక్క మాట అడగలేదు.

కాపీ మొదలుపెట్టగానే తెరమీద ఇంకా ఏడు గంటలకు పైగా పడుతుందని వచ్చింది. నేను వేలు పెట్టి చూపించాను. "మొదట్లో అలాగే చూపిస్తుందండి, తర్వాత తగ్గుతుంది" అన్నాడు ఆ మహానుభావుడు, ఉప్మా తింటూ. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళిపందిళ్ళకి జనరేటర్లు అద్దెకిచ్చే అతను మా వీధి చివరే ఉంటాడు. ఒక్క ఫోన్ చేస్తే తోసుకుని వచ్చేవాడు! అక్క మాత్రం తెరకేసి చూస్తూ కూర్చుంది. సరిగ్గా పదింటికి ఫ్యాన్ ఆగింది. ఆ పెట్టెకున్న ముసలి యూపీఎస్ రెండుసార్లు కూసి ఊరుకుంది. కరెంటు వచ్చాక డిస్క్ టకటక కూడా అనలేదు. "పాత సామాన్లండి, మనమేం చేస్తాం" అని ఆయన బ్యాగు సర్దుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు బావగారు "పోన్లే అమ్మా" అని అడ్డం వచ్చారు.

దక్కినవి ఐదో వంతు కూడా లేవు. అన్నీ తొలిరోజులవే. పాట సగంలో దగ్గు, కుక్కర్ కూత, "ఆ ఫ్యాన్ ఆపండి, మీకెన్నిసార్లు చెప్పాలి!" అని బావగారి మీద కేకలు. అప్పగింతల పాట ఒక్కటీ లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ఆ సర్వీసాయన్ని నోరారా తిడుతున్నాను. అక్క గొంతు పోయాక ఆ ఇంట్లో గట్టిగా కోప్పడే పని నాదే అయింది. అక్క కంచం పక్కకి జరిపి, ఫోన్ తీసుకుని చాలాసేపు టైపు చేసింది. ముందు బావగారికి చూపించింది, తర్వాత నాకు.

"ఆయన్నెందుకు అనడం? గంటో, ఏడు గంటలో. ఆ పెట్టె ఇన్నేళ్లూ ఈ గదిలోనే ఉంది. మీలో ఎవరికీ నా కోసం ఒక్క పూట దొరకలేదా?"

బావగారు అన్నం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. బిట్లని బైట్లు చెయ్యాలంటే ఎనిమిదితో భాగిస్తే సరిపోతుంది. చూద్దాంలే అంటూ పోగొట్టుకున్న ఏళ్లని తిరిగి ఒక్క పూట చేసే లెక్క మాత్రం ఎవరికీ రాదు.