రెండు వేళ్లు ఎక్కువైన పటం

పాతికేళ్లు రంగులు పూసి రిటైరైన చెయ్యి నాది. మాటలకూ ఒక పూత ఎక్కువే వేస్తానని ముందే ఒప్పుకుంటున్నాను.

1967 వానాకాలంలో బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీలో రెండో గ్రేడు పెయింటరుగా చేరాను. చెరకు ఆడని ఆ నెలలను ఆఫ్ సీజన్ అంటారు. యంత్రాలకు నంబర్లు, గోడలకు ‘అపాయం’ బోర్డులు రాయడం అప్పటి పని. నేను వేసిన పుర్రెను చూసి జనరల్ మేనేజరే దారి మార్చుకునేవాడు.

మొదటి గ్రేడు పెయింటరు నర్సన్న సెలవు రోజుల్లో మనుషుల పటాలు వేసేవాడు. వానల్లో తలల్లేని ఒళ్లు గీసి పెట్టేవాడు: కోటు, కండువా, కుర్చీ మీద చెయ్యి. చెరకు అమ్మిన రైతులు వచ్చి ఒకటి ఎంచుకుంటే ముఖం అతికేవాడు. పోయినవాళ్లకైతే ఫొటో చూసి.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా చిత్రకారుడొకడు అచ్చం ఇదే చేశాడని ఫ్యాక్టరీ క్లబ్బు లైబ్రరీ పుస్తకంలో చదివాను. గుర్రబ్బండ్లకు రంగులేస్తూ మొదలై, చలికాలం ఒళ్లు గీసి, ఎండాకాలం ఊరూరా తిరిగి తలలు పెట్టాడు. కెమెరా వచ్చాక అడిగేవాళ్లు లేక మళ్లీ బండ్ల రంగులకే చేరి, అక్కడే పోయాడు.

"గాయన మన మేనమామ అయితడేమో తమ్మీ," అని నర్సన్న నవ్వాడు. ఊళ్లో రెండో ఫొటో స్టూడియో తెరిచింది ఆ నెలలోనే.

పోయినవాళ్లకు బువ్వ పెట్టే పెత్తరమాసకు ముందు లస్మవ్వ వచ్చింది. చెరకు బండి తోలే ఆమె భర్త గంగారాం నిరుడు జ్వరంతో పోయాడు. ఫొటో లేదు.

"రోజుకింత మర్సిపోతున్న అన్నా. ముక్కు యాదికొస్తే కండ్లు యాదికొస్తలేవు. జెర గీసియ్యి."

"ముక్కు గింత పొడుగా అక్కా?" అంటూ నర్సన్న గీసి పెట్టిన ఒక ఒంటి మీద చెరిపి చెరిపి నలభై ముఖాలు గీశాడు. ప్రతిదానికీ "కాదన్నా" అంది. చివరికి ఆమె చూపు కుర్చీ మీది చేతి మీద పడింది.

"గా చెయ్యి ఆయనది గాదు. రెండు వేళ్లు బండి చక్రంల వోయినయ్ గద!"

నర్సన్న రెండు వేళ్లూ, ముఖమూ చెరిపేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీయనే. ముఖం ఇడిసిపెట్టు," అని ఆ పటాన్నే చంకన పెట్టుకుని నవీపేట్ బస్సెక్కింది.

ఇందులో నేను కల్పించింది చెప్పాలి. ముఖాలు నలభై కావు, ఆరు. బస్సెక్కిన పటం కూడా నా పూతే. వేళ్లు చెరిపాక ఆమె చాలాసేపు చూసి, "మీ ముఖాలు సూసి సూసి, నాకాడున్నది గూడ వోయింది అన్నా," అని ఉత్త చేతులతో వెళ్లిపోయింది. పటం నా దగ్గరే ఉంది.

ఫొటో లేకుండా పటం కోసం వచ్చినవాళ్లను ముందు పోయినవాళ్ల చేతుల సంగతి అడగాలి. అవి కుదిరేదాకా ముఖం గీసి చూపకూడదు.