మస్తాన్ మాస్టర్‌కు తెలియదు

2022 మార్చి నెలాఖరు. బెంగళూరు హూడిలో, ఐటీ ఆఫీసుల వెనక సందులో ఉన్న ఒక ఆంధ్రా రెస్టారెంటుకు నేను మేనేజర్ని. మదనపల్లె నుంచి వచ్చి, సర్వర్‌గా మొదలై, కెప్టెన్‌గా, తర్వాత మేనేజర్‌గా ఎదిగాను. హోటలు లైన్లో అప్పటికి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్ల పనిలో మరచిపోలేని సంగతి ఏదంటే, నేను అన్న ఒక వాక్యం. ఆ వాక్యం వల్ల ఒక మనిషి తనవాళ్ల మధ్య పేరు పోగొట్టుకున్నాడు. అది ఎలా పోయిందో రెండేళ్ల దాకా తెలిసినవాళ్లు ముగ్గురే. అందులో ఒకణ్ని నేను.

మా వంటగదికి పెద్ద మస్తాన్ వలీ. రాయచోటి మనిషి. యాభై దాటిన వయసు, నెరిసిన గడ్డం, తల మీద అల్లిక టోపీ. అందరం మాస్టర్ అనేవాళ్లం. కాపురం కాడుగోడిలో. అక్కడి ముస్లిం ఇళ్లలో పెళ్లంటే బిర్యానీ డేగిశా దగ్గర ఆయన నిలబడాల్సిందే. అందుకోసం నెలలో రెండు ఆదివారాలు సెలవు ముందే అడిగి పెట్టుకునేవాడు. మా దగ్గర చేసేది ఉద్యోగం. ఆ దావతులకు పిలుపు రావడం ఆయన పరువు.

హలాల్ అంటే చాలామందికి ఒక బోర్డు మాత్రమే. కోడినైనా మేకనైనా ప్రాణంతో ఉండగా, దేవుడి పేరు చెప్పి, గొంతు కోసి, నెత్తురంతా పోనివ్వాలి. అలా కోసిందే ముస్లింలు తింటారు. మా ఊళ్లో హిందువులం కూడా కోడిని కోయించుకోవడానికి సాయిబు దగ్గరికే తీసుకెళ్లేవాళ్లం. అదొక విషయమని ఎవరూ అనుకోలేదు. బెంగళూరులో ఆఫీసు చుట్టుపక్కల భోజనం చేసే ముస్లిముకు మాత్రం అది రోజూ అడగాల్సిన ప్రశ్న. ప్లేట్లోకి వచ్చిన ముక్కను చూసి ఎవరూ చెప్పలేరు. ఎవరో ఒకరి మాట నమ్మాలి.

ఖాదర్ బాషా మా దగ్గరికి మొదటిసారి వచ్చిన రోజు గుర్తుంది. కడప వాడు, పక్క కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. చెమట తుడుచుకుంటూ కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, ఈడ హలాలేనా?"

"బోర్డు ఉండాది కదప్పా."

"బోర్డుదేముందిలే అన్నా. బోర్డులో ఏసీ కూడా ఉండాదని రాసినారు."

నవ్వాను. వంటగది కిటికీ వైపు తిరిగి మాస్టర్‌ని పిలిచాను. ఆయన చేతులు తుడుచుకుంటూ తొంగి చూశాడు. బాషా ముఖం మారిపోయింది.

"సలాం చాచా."

"వాలేకుం సలాం. కూచో నాయనా. నేను తినేదే నీకు పెడతా."

ఆ రోజు నుంచి బాషా మళ్లీ అడగలేదు. తను ఉండే పీజీలో పాతికమందికి చెప్పాడు. వాళ్లూ రావడం మొదలుపెట్టారు. ఎవరైనా కొత్తవాడు సందేహంగా నిలబడితే, బాషా కిటికీ వైపు చూపించేవాడు.

ఆ ఏడాది ఉగాది ముందు బెంగళూరులో హలాల్ మీద వాదన లేచింది. ఉగాది మర్నాటిని ఇక్కడివాళ్లు హొసతొడకు అంటారు. ప్రతి ఇంట్లో మాంసం వండుకునే రోజు. ఈసారి హలాల్ మాంసం కొనొద్దని కొందరు ప్రచారం చేశారు. మా గల్లా దగ్గర కూడా ఇద్దరు ముగ్గురు, "ఆ బోర్డు ఎందుకు?" అని అడిగారు. మా ఓనరు నెల్లూరు ఆయన. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఫోను చేసి, "ఆ స్టిక్కరు గీకి పారేయవయ్యా, మనకెందుకు ఆ గోల" అన్నాడు. గాజు తలుపు మీది ఆ హలాల్ స్టిక్కర్ను నేనే బ్లేడుతో గీకాను. కౌంటరు వెనకున్న ఫ్రేము కూడా దించాను. నిజం చెప్పాలంటే ఆ ఫ్రేములోని సర్టిఫికెట్టు ఎప్పుడూ మాది కాదు. మాకు కోడి వేసే ఆయనది. చాలా హోటళ్లలో గోడకు తగిలించినవి అలాంటివే.

స్టిక్కరు పోవడం వరకు ఎవరికీ నష్టం లేదు. వారం తిరగకముందే ఓనరు కోడి తెచ్చే మనిషిని కూడా మార్చేశాడు. కొత్తది పెద్ద ప్లాంటు. చల్లటి బండిలో, ముక్కలు చేసి, ప్యాకెట్లలో కట్టి, అట్టపెట్టెల్లో వచ్చేది. మొదటి రోజు వాళ్ల మనిషి నా ముందు నిలబడి దాచకుండా చెప్పాడు.

"సార్, మా ప్లాంటులో కోసేదంతా మెషినే. హలాల్ సర్టిఫికెట్ లేదు. తర్వాత నన్ను అనొద్దు."

ఓనరుకు ఫోను చేశాను. "బోర్డే లేనప్పుడు అడిగేదెవరయ్యా?" అన్నాడు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. హోటల్లోకి వచ్చే సరుకును తీసుకోవడాన్ని రిసీవింగ్ అంటాం. తూకం చూడాలి, చల్లదనం కొలవాలి, లేబుల్ చదవాలి, కాగితం మీద సంతకం పెట్టాలి. మా దగ్గర ఆ పని నాది. ఇంకో నియమం: అట్టపెట్టెలు వంటగదిలోకి పోకూడదు. బొద్దింకలు వాటితోనే వస్తాయి. అందుకని వెనక గేటు దగ్గరే పెట్టెలు విప్పి, ప్యాకెట్లు కోసి, ముక్కల్ని స్టీలు ట్రేల్లో వేసి లోపలికి పంపుతాం. మాస్టర్ చేతికి వెళ్లేది ట్రే. ఆ ముక్కలు ఎక్కడివో, ఎవరివో ఆయనకు తెలిసే దారి లేదు, నేను చెబితే తప్ప.

నేను చెప్పలేదు. చెప్పొద్దని నాకు ఎవరూ చెప్పలేదు కూడా. చెబితే ఆయన ఆ కోడిని వండడని తెలుసు. రంజాన్ మొదలవుతోంది. ఇఫ్తార్ పార్సిళ్లు వస్తాయి. ఆ రద్దీలో మాస్టర్ లేకపోతే వంటగది నడవదు. పండగ వెళ్లాక చెబుదామనుకున్నాను.

నాలుగైదు రోజులకు బాషా గాజు తలుపు మీద చెయ్యి పెట్టి చూస్తూ వచ్చాడు. స్టిక్కరు గీకిన చోట జిగురు ఇంకా మరకలా ఉంది.

"ఏమన్నా, బోర్డు ఎత్తేసినారే?"

"కాలం అట్లుండాది. నీకు తెలియంది ఏముంది?"

"కోడి అదేనా?"

దాన్ని నేను ఎంత తేలిగ్గా దాటేశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "బోర్డు పోతే పోయింది. మాస్టర్ ఉండాడు కదప్పా" అన్నాను. బాషా కిటికీ వైపు చూసి సలాం చెప్పాడు. లోపలి నుంచి మాస్టర్ గరిటె ఎత్తి నవ్వాడు. నేను అబద్ధం కూడా ఆడలేదని ఆ సాయంత్రం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రంజాన్ నెలంతా పీజీకి పార్సిళ్లు వెళ్లాయి. రోజూ పొద్దు వాలాక మాస్టర్ స్టోరు గదిలో గోనెపట్టా పరుచుకుని ఖర్జూరంతో ఉపవాసం విడిచేవాడు. తర్వాత స్టాఫ్ మీల్ తినేవాడు. స్టాఫ్ మీల్ అంటే పనివాళ్ల కోసం వండే కూరా అన్నం. అందులోనూ అదే కోడి. ఆయన కంచం వైపు చూడకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను.

పండగైన నాలుగో రోజు మధ్యాహ్నం. పీజీవాళ్లు విందుకు పెద్ద ఆర్డరు ఇచ్చారు. తీసుకెళ్లడానికి బాషా, ఇద్దరు స్నేహితులు వచ్చారు. ఆటో ముందు సందులోకి రాలేక వెనక గేటు దగ్గర ఆగింది. ఆ గేటు పక్కనే పాత కాగితాలవాడి కోసం మడిచి పెట్టిన అట్టపెట్టెలు ఉన్నాయి. స్నేహితుల్లో ఒకడు పైదాన్ని కాలితో తిప్పి, కంపెనీ పేరు చదివాడు.

"రేయ్ బాషా, ఈళ్లది మెషిన్ కోత రా. మా ఆఫీసు క్యాంటీన్లో ఇందుకే మానేసినాం."

బాషా పెట్టె మీదున్న కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. అవతల ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, తమ ఉత్పత్తులకు హలాల్ సర్టిఫికెట్టు లేదని, అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పింది. మాస్టర్ పార్సిల్ డబ్బాలు మోసుకొచ్చి అప్పుడే గేటు దగ్గర దించుతున్నాడు. ఓనరు కూడా ఆ రోజు హోటల్లోనే ఉన్నాడు. గొంతులు విని బయటికి వచ్చాడు.

"చాచా, ఇదేంది?" అన్నాడు బాషా.

"నాకేం తెలుసు నాయనా. నా కాడికి ట్రేలో వస్తాది."

"వండేటోనివి నువ్వు. నీకు తెలియకుండా ఎట్ల వస్తాది?"

మాస్టర్ నా వైపు చూశాడు. బాషా కూడా నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పన్నా. కోడి విషయం ఎవురు చూసుకుంటారు?"

నేను చూసుకుంటానని చెప్పాలి. అంతే, రెండు మాటలు. ఓనరు నా భుజం పక్కన నిలబడి ఉన్నాడు. నిజం చెబితే ఆయన్ని కూడా లాగినట్టవుతుంది, ఉద్యోగం పోతుంది. ఈ వయసులో ఎవరిస్తారు ఇంకోటి? ఇదంతా ఆలోచించాక మాట్లాడానని అనలేను. నోరు ముందే కదిలింది.

"వంటగది సంగతులన్నీ మాస్టరే చూసుకుంటాడప్పా."

మాస్టర్ కాదనలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, చాలా నెమ్మదిగా.

"సార్, స్టాఫ్ మీల్‌లో వేసింది కూడా ఇదేనా?"

"అదే మాస్టర్."

ఆ ప్రశ్న విన్నవాళ్లెవరికైనా ఆయనకు తెలియదని అర్థం కావాలి. తెలిసినవాడు అలా అడగడు. కానీ అప్పటికే వాళ్ల చెవుల్లో నా మాట పడింది. రెండో స్నేహితుడు మాస్టర్‌ని కింద నుంచి పైదాకా చూసి, "బోర్డు ఎత్తేసి ఈయన్ని పెట్టినారు రా. టోపీతో సహా" అన్నాడు. అన్నది నిజమే. ఆయన్ని బోర్డుగా పెట్టింది ఎవరో మాత్రం వాడికి తెలియదు.

బాషా డబ్బాలు తీసుకోలేదు. వెళ్లేముందు, "నువ్వు తినేదే పెడతానంటివి కదా చాచా" అన్నాడు. ఫోను తీసి మాస్టర్ ఫోటో తీశాడు. ఆయన ముఖం దాచుకోలేదు.

మర్నాడు పొద్దున మాస్టర్ ఏప్రాన్ ఉతికి, మడతపెట్టి కౌంటరు మీద ఉంచి వెళ్లిపోయాడు. "వాళ్లల్లో వాళ్లు సర్దుకుంటార్లే" అన్నాడు ఓనరు. నేను అక్కడే ఇంకో ఏడాదికి పైగా పనిచేశాను. ఆ ఫోటో ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందో, దాని కింద ఏం రాశారో మా సర్వర్లు చెప్పుకుంటుంటే విన్నాను. కాడుగోడిలో ఆయన్ని దావతులకు పిలవడం మానేశారని కూడా విన్నాను.

2024లో నేను వేరే చోట చేరాక, ధైర్యం కూడదీసుకుని ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. కాడుగోడిలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక శాకాహార టిఫిన్ హోటలు. మాస్టర్ ఇడ్లీ పాత్ర మూత తీస్తున్నాడు. ఆవిరిలోంచి నన్ను గుర్తుపట్టాడు.

"కూచోండి సార్. రెండు ఇడ్లీ పెట్టమంటారా?"

"మీ చెయ్యికి ఇడ్లీ ఏంది మాస్టర్?"

"బాగుండాది సార్ ఈడ. ఇడ్లీని ఎవురూ అడగరు, నువ్వు యాడ నుంచి వచ్చినావని."

తప్పు నాదేనని చెప్పాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను. ఆయన సాంబారు పోసి, గిన్నె పక్కన పెట్టాడు.

"తెలియక తిన్నదానికి పాపం లేదని మా మసీదు హజరత్ చెప్పినాడు సార్. ఆ దిగులు తీరింది. తెలిసి పెట్టినాడని అనుకునేటోళ్లకు ఏం చెప్పేది?"

"నేను చెప్తా మాస్టర్."

"నాకు చెప్పేదానికి ఇంత దూరం వస్తిరి. నాకు ఆ పొద్దే తెలుసు. తెలియనోళ్లకు చెప్పల్ల."

బాషాను పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. అంతా విన్నాడు.

"ఆ ఫోటో పంపింది నేనన్నా. రెండేండ్లు ఆయనకు సలాం కూడా చెప్పలా" అన్నాడు చివరికి. "ఇదంతా రాసి, సంతకం పెట్టి ఇయ్యి. నోటితో వద్దు. నీ నోటిని ఒకసారి నమ్మినా."

ఒక పేజీ రాసిచ్చాను. ఆ ఫోటో పంపిన గ్రూపులన్నింటికీ దాన్నీ పంపాడట. ఫోటో చూసినంతమంది కాగితం చదవలేదు. కాడుగోడి నుంచి ఒక పెళ్లివాళ్లు మాత్రం మళ్లీ పిలిచారు. మాస్టర్ వెళ్లలేదు. డేగిశా దగ్గర నిలబడితే అందరూ చేతుల్ని కాకుండా ముఖాన్నే చూస్తారన్నాడట. ఆయన ఇప్పటికీ ఇడ్లీలే వేస్తున్నాడు.

నేనిప్పుడు పనిచేసే చోట ఎవరైనా హలాలేనా అని అడిగితే వంటవాణ్ని పిలవను. ఆ రోజు రిసీవింగ్ కాగితం తెచ్చి చూపిస్తాను. కాగితం సరిగా లేకపోతే తెలియదని చెబుతాను. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను. నేర్చుకున్నది ఇంతే, అదీ ఇంకొకరి నష్టంతో నేర్చుకున్నది: లేబుల్ చదివినవాడే జవాబు చెప్పాలి.

ఆ పేజీ చదవనివాళ్ల కోసం ఇది మళ్లీ రాస్తున్నాను. 2022లో ఆ ఐదు వారాల రిసీవింగ్ కాగితాల మీద ఉన్న సంతకాలన్నీ నావి. మస్తాన్ మాస్టర్‌కు తెలియదు.