హాజరు పట్టీలో ఆడవాళ్లు

నా చిన్నప్పుడు ఈస్టరు అంటే మా చర్చిలో పాటలకన్నా నాటికకే హడావిడి ఎక్కువ. నాకిప్పుడు పాతికేళ్లు దాటాయి. ఈ వయసుకే చిన్నప్పటి కబుర్లేమిటని మా అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. సండే స్కూల్లో నా ముందు కూర్చునే పిల్లలకు నేను పెద్దదాన్నే, వాళ్లు పుట్టకముందు జరిగిందంటే వాళ్లకది పాతకాలమే.

మాది పాలమూరు. నాన్న మేస్త్రీ, అమ్మ ఆయన వెంట కూలికి వెళ్లేది. నేను నడక నేర్చేనాటికే పట్నం వచ్చి, చిక్కడపల్లి వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకున్నారు. చర్చి కూడా ఆ సందులోనే ఉండేది. పైన రేకులు, కింద చాపలు, గోడకు ఒక శిలువ, అంతే. నేను అయిదో తరగతిలో ఉన్న ఆ ఏడు తెలంగాణ లొల్లి జోరు మీదుంది. నేడు బందు, రేపు రాస్తారోకో అంటూ బడి సగం రోజులు మూసే ఉండేది. దాంతో నాటిక నేర్చుకోవడానికి మాకు కావలసినంత తీరిక దొరికింది.

నాటిక రాసేదీ నేర్పేదీ మా చర్చి సంఘపెద్ద. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. అందరం ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం. చెడ్డవాడు కాదు, పిల్లలంటే ప్రాణం. కానీ ఆయన రాసిన నాటికలో మాటలన్నీ మగపిల్లలవే. పన్నెండుమంది శిష్యులకు పన్నెండు అంగీలు, పన్నెండు దూది గడ్డాలు. ఆడపిల్లలం గోడవారగా నిలబడి పాట పాడాలి. ఖాళీ సమాధిని మొదట చూసేది పేతురు, ప్రభువు లేచాడన్న కబురు తెచ్చేదీ పేతురే. ఆ పేతురు పెద్దయ్య మనవడే.

నాకు ఆ కబురు చెప్పే మాట కావాలి. ఎందుకంటే మా అమ్మ చర్చిలో ఎప్పుడూ ఆఖరి చాప మీద, సిమెంటుకు పగిలిన చేతులు కొంగులో దాచుకుని కూర్చునేది. దేవుడు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యం చెప్పమంటే తల దించుకునేది. ఆమె పిల్ల అందరి ముందూ నిలబడి గట్టిగా ఒక్క మాట చెప్పగలదని ఆమెకూ, చర్చిలో అందరికీ తెలియాలని నా పట్టుదల. ధైర్యం చేసి అడిగాను. పెద్దయ్య నా తల నిమిరి, "మీరు పాట మంచిగ పాడుతరు బిడ్డా. మాటలు మగపిల్లలకైతెనే గట్టిగ వస్తయి" అన్నాడు. మా ఇంట్లో నా గొంతు సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన నాన్న ఆ పూట అక్కడుంటే నవ్వేవాడు.

ఏడుస్తూ వచ్చి పక్కింటి గడప మీద కూలబడ్డాను. మా పక్కింటి అక్క కూడా పాలమూరు నుంచే వచ్చింది. చిన్నమ్మ ఇంట్లో ఉంటూ సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివేది. పొద్దున లైబ్రరీ తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడేది, సాయంత్రం అశోక్‌నగర్‌లో క్లాసు విని వచ్చేది. కోఠిలో కొన్న పాత పుస్తకాల్లో ప్రతి వాక్యం కింద పెన్సిల్ గీత గీసి, అందులోంచి ఎన్ని బిట్లు రావచ్చో పక్కన రాసుకునేది. ఏ పేజీని చూసినా పరీక్ష పెట్టేవాడి కళ్లతో చూడటం ఆమెకు అలవాటైపోయింది.

నా గోడు విని అక్క నన్ను ఓదార్చలేదు. "ఏడిస్తే మాటిస్తరా? లోపలికి రా" అని చాప మీద కూర్చోబెట్టి, చేతికి పెన్సిలిచ్చి, నాలుగు సువార్తల్లో చివరి అధ్యాయాలు తీయించింది. ఒక్కో సంఘటన చదవాలి, అప్పుడక్కడ ఎవరున్నారో పేరు పేరునా రాయాలి. బైబిలు వాక్యంలో లేని మనిషిని మనం తెచ్చి నిలబెట్టకూడదు, ఉన్న మనిషిని తీసేయకూడదు. మూడు సాయంత్రాలు ఇదే పని. మొదటి రోజు విసుక్కున్నాను. మూడో రోజు నాకే ఆత్రం పుట్టింది. ఎందుకంటే కాగితం మీద ఒక పక్క పేర్లు తరిగిపోతున్నాయి, ఇంకో పక్క పేర్లు అలాగే ఉండిపోతున్నాయి.

ఈస్టరు ఇంకా రెండు వారాలుందనగా, శనివారం చర్చిలో నాటిక నేర్చుకుంటుంటే అక్క వచ్చి, నా కాగితం మీద హాజరు పట్టీలాగా గీతలు కొట్టి పెద్దయ్య చేతిలో పెట్టింది. "పెద్దయ్యా, మీరు బడిల తీసుకున్నట్టు ఒక్కసారి హాజరు తీసుకోండ్రి. ఎవరెక్కడున్నరో పిల్లలకు ఎరుకైతది" అంది వినయంగా. జీవితమంతా హాజరు తీసుకున్న మనిషికి అంతకన్నా ఇష్టమైన పని ఇంకేముంటుంది? కళ్లజోడు సవరించుకుని, ప్రభువును పట్టుకున్న రాత్రి తోటలో ఎవరెవరున్నారో పిలవడం మొదలుపెట్టాడు. పన్నెండుమందీ పలికారు, డబ్బు తీసుకుని పట్టించినవాడితో సహా. ఆ తర్వాత ప్రభువును శిలువ వేసినప్పుడు ఎవరున్నారో మళ్లీ పిలిచాడు.

"పేతురు."

మనవడు తడబడ్డాడు. "లేను తాతా. కోడి కూసినంక ఏడ్చుకుంట పోయిన."

"తోమా."

"భయపడి ఉరికిన."

ఒక్కొక్కరూ అదే జవాబు. యోహాను వేషం వేసిన పిల్లవాడు మాత్రం, నేనున్నానని నాలుగో సువార్తలో ఉందని ఛాతీ విరిచాడు. సమాధి చేసేటప్పుడు వాడి పేరూ లేదు. శవాన్ని అడిగి తెచ్చి పెట్టినాయన పెద్దమనిషే గానీ పన్నెండుమందిలోవాడు కాదు. పెద్దయ్య వేలు పట్టీ మీద కిందికి జారి ఆగింది. అక్కడ నా అక్షరాలతో మగ్దలేనే మరియ, యోహన్న, సలోమే, యాకోబు తల్లి మరియ, ఇంకా పేరు లేని చాలామంది ఆడవాళ్లు ఉన్నారు. శిలువ దగ్గర, సమాధి దగ్గర, ఆదివారం పొద్దున సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వచ్చినప్పుడు, అన్ని చోట్లా వాళ్లు హాజరు.

"వీళ్లు అప్పటికప్పుడు వచ్చినోళ్లు కాదు పెద్దయ్యా" అంది అక్క. "గలిలయ నుంచే ప్రభువు వెంట నడిచినోళ్లు. తమకున్న దాంట్లకెల్లి ఖర్చు పెట్టి అందరినీ సాకినోళ్లు. అదీ వాక్యంలనే ఉన్నది."

పెద్దయ్య కోపం తెచ్చుకుంటే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేండ్లల్ల నేనే చూడకపోతి" అన్నాడు. పంతుళ్లలో గొప్పవాళ్లు తప్పు దొరికితే దిద్దుకుంటారు. ఆయన మర్నాటికల్లా నాటిక తిరగరాసుకొచ్చాడు. మగ్దలేనే మరియ నేనే. అయితే వాక్యంలో ఉన్నట్టే రాయాలన్నది ఇప్పుడాయన పట్టుదల. ఆడవాళ్లు వచ్చి చెబితే శిష్యులు నమ్మలేదు, వెర్రిమాటలని కొట్టిపారేశారు. కాబట్టి నేను చెప్పగానే మగపిల్లలు నవ్వాలి, అప్పుడు పేతురు లేచి సమాధి దగ్గరికి పరుగెత్తాలి. నేర్చుకునేటప్పుడు ఆ నవ్వుకు నేనూ నవ్వేదాన్ని. అక్క మాత్రం ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "నమ్ముడు వాళ్ల పని. చూసింది చెప్పుడు నీ పని. ఈ రెండు కలపకు" అంది. పదేళ్లదాన్ని, సరేనని తలూపాను గానీ తలకెక్కలేదు.

ఈస్టరు పొద్దున చాపలు చాలక జనం వాకిట్లో దాకా నిలబడ్డారు. అమ్మ ఎప్పటిలాగే ఆఖరి చాప మీదుంది. నేను పరుగెత్తుకుంటూ వచ్చి, రేకులు అదిరేట్టు, ప్రభువు లేచాడని, నా కళ్లతో చూశానని చెప్పాను. మగపిల్లలు నవ్వారు. వాళ్ల నవ్వు చూసి జనం కూడా నవ్వారు. ఇంతలో పేతురు గడ్డం ఊడింది. వాడు లేవడం మానేసి గడ్డం పట్టుకుని ఇంకా నవ్వాడు, దాంతో చర్చంతా పగలబడి నవ్వింది. నాటిక అక్కడే ఆగిపోయింది. నా చెవులు వేడెక్కాయి. వాళ్లు గడ్డాన్ని చూసి నవ్వుతున్నారో నన్ను చూసి నవ్వుతున్నారో తెలియలేదు. నన్నే అనిపించింది. పారిపోదామనుకున్నాను.

నాటిక కోసం కట్టిన తెర పక్కన నిలబడ్డ అక్క వైపు చూశాను, ఏదైనా అందిస్తుందేమోనని. ఆమె చేతిలో నాటిక కాగితాలున్నాయి, పెదవి మాత్రం కదల్లేదు. తొందరేమీ లేనట్టు నన్నే చూస్తూ నిలబడింది. అప్పుడు తలకెక్కింది ఆమె మాట. వీళ్లు నవ్వితే చూసింది చూడనిదైపోతుందా?

నవ్వు తగ్గేదాకా నిలబడి, అరవకుండా, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను. "నేను చూసిన. అబద్ధమనుకుంటే పోయి చూసుకోండ్రి."

ఈ మాట నాటికలో లేదు. ఎవరూ నవ్వలేదు. పేతురు గడ్డం అక్కడే పడేసి, నిజంగానే భయపడినవాడిలా లేచి ఉరికాడు. వాడి వెనక యోహాను ఉరికాడు. పెద్దయ్య గట్టిగా హల్లెలూయ అన్నాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాకు పొగడ్త కావాలి, అడగడానికి సిగ్గు. సందు మలుపులో ఆమే అంది. "మొదటిసారి గట్టిగ చెప్పినవ్. రెండోసారి మంచిగ చెప్పినవ్." నా ఆశ తీరింది.

కొన్నేళ్లకు అక్కకు ఉద్యోగం వచ్చి ఊరివైపు వెళ్లిపోయింది. నేను నర్సునయ్యాను. వార్డులో రాత్రీపగలూ మంచం పక్కన ఉండేది మేమే, అందుకే ముందుగా చూసేదీ మేమే. చూసింది చెబితే ఒక్కోసారి వినరు, ఒక్కోసారి నవ్వుతారు కూడా. మొన్న ఒక ముసలమ్మ ఊపిరి తీరు నాకు నచ్చలేదు. డ్యూటీ డాక్టరుతో చెబితే, ఊరికే కంగారు పడకు సిస్టర్ అని తన కాగితాల్లో మునిగిపోయాడు. నాకు చెవులు వేడెక్కలేదు. అక్కడే నిలబడి, గొంతు పెంచకుండా, నేను చూసిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన నా ముఖం వైపు చూసి లేచి వచ్చాడు. ముసలమ్మ దక్కింది. ఆయన లేవకపోయి ఉంటే మూడోసారి చెప్పేదాన్ని.